ఐదో పేరు

ట్రింకోమలీ, శ్రీలంక
19 జనవరి 2025

చెల్లెలు రిబ్కాకు అన్న అంద్రెయ వందనాలు.

ముందుగా ఒక్క మాట. మేం ఐదుగురం ప్రాణాలతో ఉన్నాం. ఉత్తరం ఇక్కడ ఆపి, మీ వదినకి ఫోన్ చేసి ఆ మాట చెప్పు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

క్రిస్మస్ వెళ్ళగానే నిజాంపట్నం హార్బరులో బోటు తీశాం. వేట బాగానే సాగుతుండగా ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన పాత వల ఒకటి బోటు కింద నీళ్ళలో తిరిగే ఫ్యానుకి చుట్టుకుంది. ఇంజను మూలిగి ఆగిపోయింది. వల తెగింది గాని అప్పటికే షాఫ్టు వంగిపోయింది. వైర్‌లెస్ తడిసి పనిచెయ్యలేదు. ఈశాన్యపు గాలి మమ్మల్ని దక్షిణానికి తోసుకుపోయింది. చివరికి ఐసు కరిగిన నీళ్ళే తాగాం. నేవీ వాళ్ళు మా బోటు పక్కకి వచ్చినప్పుడు అది ఏ దేశమో కూడా మాకు తెలియదు. మాలో తోమాసు లేచి నిలబడి, "సార్, ఇది బాపట్ల జిల్లాయేనాండీ?" అని అడిగాడు. వాళ్ళకి అర్థం కాలేదు. మాకు మాత్రం ఆ స్థితిలోనూ నవ్వొచ్చింది.

సరిహద్దు దాటారని కేసు పెట్టి జైల్లో ఉంచారు. అన్నం పెడుతున్నారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు. నా కుడిచెయ్యి మాత్రం వల లాగే వించిలో పడి వేళ్ళు నలిగాయి. కట్టు కట్టారు, భయం లేదు. పెన్ను పట్టలేను, కళ్ళద్దాలు సముద్రంలో పోయాయి. అందుకని మనవాళ్ళలో ఒక కుర్రాడు ఇది రాసిపెడుతున్నాడు. నీ జవాబు కూడా అతనే చదివి వినిపిస్తాడు. మన దేశపు కాన్సులేటు ఆఫీసరు ఒకాయన ఉత్తరాలు పట్టుకెళ్ళి పంపుతారు.

నువ్వు టీచరమ్మవి, ఆఫీసుల్లో మాట్లాడగలవు. బాపట్ల వెళ్ళి మా సంగతి చెప్పు.

మీ అన్న
అంద్రెయ


తెనాలి
8 ఫిబ్రవరి 2025

అన్నయ్యకు రిబ్కా వందనాలు.

నువ్వు చెప్పినట్టే ఉత్తరం మధ్యలో ఆపి సుగుణమ్మ వదినకి ఫోన్ చేశాను. వదిన ఫోను పక్కన పెట్టింది. కాసేపటికి పంపు నీళ్ళ చప్పుడు వినిపించింది. "ముఖం కడుక్కుంటున్నాను రిబ్కా. ఇన్నాళ్ళూ అదీ చెయ్యబుద్ధి కాలేదు" అంది.

సోమవారం బడికి సెలవు పెట్టి, వదినతో కలిసి బాపట్ల కలెక్టరేటుకి వెళ్ళాను. అర్జీ తీసుకున్న సారు మర్యాదగానే మాట్లాడారు. "ఇది రెండు దేశాల వ్యవహారమమ్మా. మా వంతు మేం ఢిల్లీకి పంపుతాం. మీరు కూడా పదిమంది చేత అడిగించండి" అన్నారు. పదిమంది ఏంటి, వేలమంది చేత అడిగిద్దామని మా బళ్ళో కంప్యూటర్ చెప్పే చంద్రకళ అంది. ఇంటర్నెట్టులో ఒక విన్నపం తయారుచేసి మీ ఐదుగురి పేర్లూ పెట్టింది. ఫోనులో ఒక గ్రూపు కూడా మొదలుపెట్టాం. పేరు 'ఐదుగురూ ఇంటికి'. అడ్మిన్ని నేను. రేపల్లె నుంచి, పెనుమూడి నుంచి, వడ్లమూడి యూనివర్సిటీ పిల్లల నుంచి, దుబాయిలో ఉన్న మనవాళ్ళ నుంచి సంతకాలు వస్తున్నాయి. ఎవరో కెన్యా నుంచి కూడా పెట్టారు. వాళ్ళకి నిజాంపట్నం ఎక్కడుందో ఎలా తెలుసో మరి!

మీ బోటులో ఉన్న వాసిం వాళ్ళ నాన్న నాగుల్ మీరా గారు రేపల్లె నుంచి బస్సులో మా ఇంటికి వచ్చారు. అక్కడ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ఫోను నా చేతికిచ్చి, "నాకు నొక్కడం రాదమ్మా. మావాడి పేరు ఎక్కడుందో చూపించు చాలు" అన్నారు. చూపించాను. ఐదో పేరు. దానిమీద వేలు పెట్టి అలాగే కూర్చున్నారు. టీ చల్లారిపోయింది.

నీ చెయ్యి ఎలా ఉంది? నీకసలే సుగరు. మందులు ఇస్తున్నారా? రాసిపెట్టే బాబుకి నా దీవెనలు చెప్పు. మా పిల్లలకంటే చక్కగా రాస్తున్నాడు.

నీ చెల్లెలు
రిబ్కా


తెనాలి
24 ఫిబ్రవరి 2025

అన్నయ్యా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక మళ్ళీ రాస్తున్నాను. ఇది చదివి నన్ను తిట్టుకోవద్దు.

ఫోన్లలో వార్తలు పెట్టే ఒకతను వాసిం ఫొటో వేసి ఏదేదో రాశాడు. ఇంజను దానంతటది ఆగలేదట, వాసిమే ఆపాడట. కతార్‌లో పనిచేసి వచ్చినవాడికి నిజాంపట్నం బోటులో ఏం పని అంటాడు. తెల్లారేసరికి అది ఊరంతా పాకింది. సంతకాలు ఆగిపోయాయి. పెట్టినవాళ్ళలో కొందరు వెనక్కి తీసుకున్నారు. ఢిల్లీలో మన తరఫున మాట్లాడతానన్న పెద్దమనిషి నన్ను పిలిపించి, "నలుగురి పేర్లయితే రేపే కదుపుతాను. ఐదో అతని సంగతి గొడవలు చల్లారాక చూద్దాం" అన్నారు.

నాకై నేను తేల్చకూడదని గ్రూపులో ఓటింగు పెట్టాను. వాసిం పేరు ఉంచాలా, తీసెయ్యాలా అని. అందరి మాటా వినాలి కదా అన్నయ్యా. తీసెయ్యమన్నవాళ్ళే చాలా ఎక్కువ. నేనూ తీసెయ్యమనే నొక్కాను. నీ చెయ్యి, నీ సుగరు, వదిన ముఖం, అవే కళ్ళముందు ఉన్నాయి. గ్రూపు పేరు కూడా 'మనవాళ్ళు ఇంటికి' అని మార్చారు. నాగుల్ మీరా గారు ఆ గ్రూపులోనే ఉన్నారు. ఎవరిచేత రాయించారో, ఫలితం వచ్చాక "సరేనమ్మా" అని ఒక్క మాట వచ్చింది. తర్వాత ఆయనే బయటికి వెళ్ళిపోయారు.

ఇంజను నిజంగా ఎలా ఆగిందో నువ్వు వివరంగా రాయి. అంతవరకు వాసింతో కాస్త జాగ్రత్తగా ఉండు. నిప్పు లేకుండా పొగ రాదు, ఇంతమంది ఊరికే అనరు కదా అని కూడా అనిపిస్తోంది.

రిబ్కా


ట్రింకోమలీ
26 ఫిబ్రవరి 2025

చెల్లెలు రిబ్కాకు,

నీ మొదటి ఉత్తరం అందింది. కెన్యా సంగతికి అందరం నవ్వుకున్నాం. గ్రూపు పేరు విని తోమాసు దాన్ని గోడమీద బొగ్గుతో రాశాడు. వార్డరు చూసి తుడవమన్నాడు గాని, తనే మర్చిపోయినట్టు వెళ్ళిపోయాడు.

ఇక్కడి జాలర్ల సంఘానికి పెద్ద ఒకాయన ఉన్నాడు. పేరు అంతోని, తమిళుడు. ఆదివారం గుడి నుంచి నేరుగా మా దగ్గరికి చేపల కూర పట్టుకొస్తాడు. మొదటిరోజు మాత్రం వచ్చి మామీద అరిచాడు. మన వైపు పెద్ద బోట్లు వచ్చి వాళ్ళ వలలు చించుకుపోతాయట, తమిళం వచ్చిన వాసిం మాకు చెప్పాడు. అబద్ధం కాదు, నేను కళ్ళారా చూశాను. తలొంచుకుని విన్నాం. అయినా అదే మనిషి కోర్టులో నిలబడి, "వీళ్ళు వేటకు రాలేదు. వీళ్ళ ఇంజను చచ్చిపోయింది, మా జాలర్లు చూశారు" అని సాక్ష్యం చెప్పాడు. బయటికొచ్చాక, వాసిం వెనక ఉండిపోవడంతో, ఎందుకు చెప్పావని సైగ చేసి అడిగాను. నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఇంకో సంగతి. మొదటి ఉత్తరంలో ఇది రాయలేదు, ఎందుకంటే రాసేవాడు రాయలేదు. నేను చెప్పినా మింగేశాడు. వల చుట్టుకున్నప్పుడు నీళ్ళలోకి దూకింది వాసిం. నోట్లో కత్తి పట్టుకుని ఆ అలల్లో మళ్ళీ మళ్ళీ మునిగి వల కోశాడు. వీపంతా బోటుకి రాసుకుని చీరుకుపోయింది. అతను కొయ్యకపోతే బోటు పక్కకి ఒరిగి అక్కడే మునిగేది. ఇదిగో, ఇది చెబుతుంటే పెన్ను పక్కన పెట్టాడు. నీకు ఉత్తరాలు రాస్తున్నదీ, నీవి నాకు చదువుతున్నదీ అతనే. "రాయరా" అని గద్దించాను. రాస్తున్నాడు. ఈ మాట నాగుల్ మీరా గారికి నువ్వే వెళ్ళి చెప్పు. ఆయన సంతోషిస్తాడు.

చెయ్యి తగ్గుతోంది.

మీ అన్న
అంద్రెయ


తెనాలి
14 మార్చి 2025

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. నేను 24న రాసింది నీకు అందితే దాన్ని విప్పించొద్దు. అది అతని చేత చదివించుకోవద్దు. చించెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను. కాన్సులేటు ఆఫీసుకి ఫోన్ చేసి ఆపమని అడిగాను. వెళ్ళిపోయిందన్నారు.

రిబ్కా


ట్రింకోమలీ
17 మార్చి 2025

రిబ్కాకు,

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది తోమాసు. తప్పులు ఉంటే సర్దుకో.

నీ రెండో ఉత్తరం వచ్చింది. వాసిం చదివాడు. మామూలుగా నీ ఉత్తరాల్లో నవ్వొచ్చే చోటు రాబోతుంటే అతను ముందే నవ్వేస్తాడు. ఈసారి మధ్యలో ఆగాడు. వెలుతురు చాలడం లేదేమో అనుకుని "చదవరా" అన్నాను. చదివాడు. ఒక్క మాట కూడా మింగలేదు. అతనితో జాగ్రత్తగా ఉండమన్న మాట కూడా, నువ్వు నా ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే చదివాడు. తర్వాత మడిచి నా ఒళ్ళో పెట్టి, "జవాబు రేపు రాద్దాం బాబాయ్" అని లేచి వెళ్ళాడు. రోజా ఉన్నాడు. ఆ సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

ఆ వారమే ఆఫీసరు గారు నాలుగు కాగితాలతో వచ్చారు. సంతకాలు పెడితే మా నలుగురి విడుదల ముందుకి జరుగుతుందట. తోమాసు చాలాసేపు ఆలోచించాడు. ఇది అతనే రాస్తున్నాడు గనక అతని ముందే చెబుతున్నాను. అతని పాపకి ఇంకా నడక రాలేదు. నేను ఒత్తిడి చెయ్యలేదు. చివరికి అతనే, "ఐదో కాగితం కూడా తెండి సార్, అప్పుడు పెడతాం" అన్నాడు. వాసిం నా మోకాళ్ళు పట్టుకుని, "పెట్టెయ్ బాబాయ్. నీ చెయ్యి చూసుకో. నేనెలాగో వస్తాను" అని ఏడ్చాడు. అతన్ని బోటెక్కించింది నేను. వాళ్ళమ్మ అక్తర్ బేగం ఒడ్డుకొచ్చి, "మీ చేతుల్లో పెడుతున్నా అన్నా" అంది. ఆమెకి ఏం చెప్పను?

నీమీద కోపం లేదని రాయమంటే అబద్ధమవుతుంది. మన ఇంట్లో పెరిగినదానివి, ఆ మీట ఎలా నొక్కావమ్మా? అంతమంది నొక్కారంటావు. అంతమంది మా బోటులో లేరు. మేం ఐదుగురమే ఉన్నాం.

చెయ్యి తగ్గుతోంది.

అంద్రెయ


తెనాలి
30 మార్చి 2025

అన్నయ్యకు,

వాసిం సంగతి నువ్వు రాసిన ఉత్తరం అందిన రోజే, 14నే, రేపల్లె వెళ్ళాను. అక్తర్ బేగం గారు ఉపవాసంలో ఉండి కూడా నాకు అన్నం పెట్టారు. నేను చెప్పబోతుంటే, "తెలుసమ్మా, మా ఆయన ఫోనులో చూపించాడు. నీకు నీ అన్న, నాకు నా కొడుకు. నీ చోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు. ముందు తిను" అన్నారు. వాసిం నీళ్ళలోకి దూకిన సంగతి చెప్పాను. నాగుల్ మీరా గారు లేచి షెడ్డులోకి వెళ్ళిపోయారు. చాలాసేపు సుత్తి చప్పుడు వినిపించింది. అక్కడ బాగుచెయ్యాల్సిన ఇంజను ఏదీ లేదని ఆవిడ చెప్పారు.

ఇంటికొచ్చి నువ్వు రాసినదంతా నా పేరుతో గ్రూపులో పెట్టాను. ఓటింగు పెట్టకుండానే ఐదో పేరు తిరిగి చేర్చాను. తిట్టారు. రాయలేని మాటలు అన్నారు. మా బడికి ఫోన్ చేసి నన్ను తీసెయ్యమన్నారు కూడా. కానీ నిజాంపట్నంలో చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు మాత్రం, మీరు ఐదుగురూ వచ్చేదాకా అడుగుతూనే ఉంటామని చేపల వేలంపాట జరిగేచోట అడ్డంగా కూర్చున్నారు. ఆ పూట వేలం ఆగింది. బాపట్ల నుంచి కలెక్టరేటు సారు వచ్చి విన్నారు. చంద్రకళ ఎలాగో ఆ అంతోని గారిని వీడియోలో పట్టింది. ఇటు మన సంఘం, అటు వాళ్ళ సంఘం ఒకే విన్నపం రాసి రెండు ప్రభుత్వాలకీ పంపారు. వలలు చించిన సంగతి కూడా అందులో ఉండాలని ఆయన పట్టుబట్టారు. మనవాళ్ళు కాసేపు గొణిగి, ఒప్పుకున్నారు. ఐదుగురి కేసూ కలిపి వింటారని నిన్ననే కబురొచ్చింది.

నీ 17వ తేదీ ఉత్తరం చదివాక వదిన నాతో మాట్లాడటం లేదు. "ఆయన సంతకం పెట్టకుండా ఆగిపోయింది నీవల్ల" అంది.

ఇవాళో రేపో రంజాను. వాసింకి పండగ దీవెనలు చెప్పు. ఈ ఉత్తరం అతని చేతే చదివించుకో అన్నయ్యా. అతనికి వినపడాలి. అతను నన్ను క్షమించినా క్షమించకపోయినా సరే.

నీ చెల్లెలు
రిబ్కా


ట్రింకోమలీ
12 ఏప్రిల్ 2025

రిబ్కా అత్తయ్యకు వాసిం సలాం.

బాబాయ్ పోయిన సంగతి ఆఫీసరు గారు మీకు ఫోనులో చెప్పానన్నారు. ఎలా జరిగిందో నేను రాయాలి. ఆయన మాటలు ఇన్నాళ్ళూ రాసింది నేనే కదా.

చెయ్యి తగ్గలేదు అత్తయ్యా. సుగరు వల్ల పుండు మానలేదు. డాక్టరు చూస్తూనే ఉన్నారు, మందులు మారుస్తూనే ఉన్నారు. "తగ్గుతోందని రాయి. రిబ్కా అసలే భయస్తురాలు" అనేవారు. రాశాను. తోమాసుతో రాయించినప్పుడూ అదే రాయించారు. పండగ మర్నాడు జ్వరం బాగా ఎక్కువై వణికిపోయారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రక్తంలోకి విషం పాకిందన్నారు. మమ్మల్ని వెంట రానివ్వలేదు. అంతోని గారు బయట కూర్చుని రోజూ కబురు తెచ్చేవారు. చివరికి ఒకరోజు కబురు తేలేదు. వచ్చి మా ముందు నేలమీద కూర్చున్నారు.

ఆయన చివర్లో ఏమన్నారో నాకు తెలియదు. మీ పేరు తలిచారని రాయగలను, కానీ నేను వినలేదు. మీ 30వ తేదీ ఉత్తరం ఆయన వెళ్ళిపోయాక వచ్చింది. ఆయన లేకుండా నేను విప్పలేదు.

మా విడుదల ఉత్తరువు ఇవాళ వచ్చింది. ఐదు పేర్లూ ఉన్నాయి. ఆయన్ని కూడా మాతోనే పంపుతారట.

నాకు ఒకటే అనిపిస్తోంది. నా పేరు గొడవ లేకపోతే ఆయన ఆ కాగితం మీద సంతకం పెట్టేవారు. మన గుంటూరులోనో తెనాలిలోనో ఆసుపత్రిలో ఉండేవారు. సుగుణమ్మ పిన్నికి నా ముఖం ఎలా చూపించను?

వాసిం


తెనాలి
18 జూన్ 2025

వాసింకి రిబ్కా అత్తయ్య రాయునది.

నీ ఫోను ఎప్పుడూ ఆపేసే ఉంటోంది. మీ నాన్నగారిని అడిగితే, "షెడ్డులోకి కూడా రావట్లేదమ్మా" అన్నారు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. నీకు ఉత్తరాలు అలవాటే కదా.

అన్నయ్యని నిజాంపట్నంలో మట్టి చేసిన రోజు నువ్వు సమాధుల గేటు బయట నిలబడి వెళ్ళిపోవడం చూశాను. పిలవబోయాను. అప్పటికే మలుపు తిరిగిపోయావు. నీ పేరు వల్ల ఆయన పోయారని రాశావు. నా ఓటు వల్ల పోయారని నేను అనుకుంటూ ఉంటాను. నేను నీ పేరు తీసి ఉండకపోతే ఆయన కాదనాల్సిన కాగితమే వచ్చేది కాదేమో. మనిద్దరిలో ఎవరిది ఎంతో తేల్చేవాళ్ళు ఎవరూ లేరు. ఉత్తరువులో ఐదు పేర్లు ఉండాలని ఆయన కోరుకున్నారు. ఉన్నాయి. ఇంకా ముందే వచ్చి ఉంటే అన్న బాధ మాత్రం నాతోనే ఉంటుంది. నీతోనూ ఉంటుందని తెలుసు. పోతుందని చెప్పి నిన్ను ఓదార్చలేను.

ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. పోయిన వారం మన సూర్యలంక బీచి దగ్గర శ్రీలంక పడవ ఒకటి కొట్టుకొచ్చింది. ముగ్గురు మనుషులు. డీజిలు అయిపోయి గాలికి వచ్చారట. బాపట్ల సబ్‌జైల్లో ఉంచారు. మన గ్రూపులో వార్త రాగానే ఒకతను, "మనవాళ్ళని వాళ్ళు ఉంచలేదా? ఉండనీ" అన్నాడు. ఇంకొకతను వీళ్ళ తరఫున అడగాలా వద్దా ఓటింగు పెట్టమన్నాడు. పెట్టనని చెప్పాను. అన్ని సంగతులూ ఓటింగుకి పెట్టేవి కావని, అది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నానని రాశాను. అంతలో సుగుణమ్మ వదిన దగ్గర నుంచి మెసేజి వచ్చింది. ఆవిడ గ్రూపులో ఏదైనా రాయడం అదే మొదటిసారి. "కూర నేను వండుతాను" అని.

నాతో మూడు నెలలుగా మాట్లాడని మనిషి ఆదివారం గుడి అయ్యాక క్యారియరు పట్టుకుని బస్సెక్కి, నా పక్కన చోటు చూపించి, "కూర్చో" అంది. జైలు దగ్గర మీ అమ్మానాన్నలు ముందే వచ్చి ఉన్నారు. లోపలికి పంపడానికి అంత సేపు పట్టలేదు. ఆ ముగ్గురూ అన్నం తిన్నారు. వాళ్ళలో ముసలాయన మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని వదినతో తమిళంలో ఏదో చెబుతూనే ఉన్నాడు. చెప్పిందే చెబుతున్నాడు. కళ్ళవెంట నీళ్ళు. ఇంటికి కబురు పంపమంటున్నాడో, ఒంట్లో బాగాలేదంటున్నాడో మాకు తెలియలేదు. వార్డరుకీ తెలియలేదు. వదిన తల ఊపుతూ నిలబడింది. బయటికొచ్చాక గోడకానుకుని, "ఆయన ఏం అడిగాడో తెలుసుకోకుండా వచ్చేశాం రిబ్కా" అని ఏడ్చింది. అన్నయ్య పోయాక ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

నీకు తమిళం బాగా వచ్చని తోమాసు చెప్పాడు. ఈ మాట నిన్ను అడగమన్నది వదినే. నీ ముఖం ఎలా చూపించాలని అడిగావు కదా, ఆవిడ నిన్ను చూడాలంటోంది.

ఆదివారం రేపల్లె బస్సు వచ్చే వేళకి ఇద్దరం బాపట్ల స్టాండులో ఉంటాం. ఆ ముసలాయన ఏమంటున్నాడో వచ్చి విను.

మీ అత్తయ్య
రిబ్కా